దగ్గు తగ్గింది

దగ్గుల్ని చంపడం నా ఉద్యోగం. పదిహేడేళ్లుగా అదే పని. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివించి రికార్డు చేసే చిన్న సంస్థ మాది. చదివేవాళ్లు అద్దానికి అవతల కూర్చుంటారు, నేను ఇవతల. వాళ్లు చదివినదాంట్లోంచి దగ్గులు, తుమ్ములు, గుటకలు, కుర్చీ కిర్రుమనడాలు, కాగితాల చప్పుళ్లు అన్నీ కోసి పారేసి నున్నటి గొంతు ఒక్కటే మిగల్చాలి. అందుకే ఆఫీసులో అందరూ నన్ను కత్తెర అంటారు. ఆ పేరు పెట్టింది మా అక్క.

నాకు ముక్కు మీద కోపం. ఫ్యాను తిరిగితే కోపం, గాజులు గలగలమంటే కోపం, మైకు ముందు కూర్చున్నాక గొంతు సవరించుకుంటే మరీ కోపం. ఒకసారి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన పేజీకి నాలుగుసార్లు ముక్కు ఎగబీలుస్తున్నారని పెద్దాయన అని కూడా చూడకుండా ఇంటికి పంపించేశాను. పక్కగదిలో గోడగడియారం టిక్కుటిక్కుమనడం తలుపు వేసి ఉన్నా నాకు వినిపిస్తుంది. ఆ చెవుల గురించి అందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ని. ఇప్పుడు వాటిని కోసి కుక్కకి వెయ్యాలనిపిస్తుంది.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. బళ్లో టీచరుగా చేసి మానేశాక, ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నానంటే నేనే తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. అలాంటి గొంతు మళ్లీ నాకు దొరకలేదు. చరిత్ర చదివినా, లెక్కల్లో సూత్రాలు చదివినా పక్కన కూర్చుని మనకే చెబుతున్నట్టు ఉండేది. పిల్లలు ఆవిడ చదివితేనే వింటామని పేచీ పెట్టేవాళ్లట. మొన్నటి వానాకాలంలో పదో తరగతి పుస్తకాలన్నీ మారాయి. పరీక్షల లోపు మొత్తం చదివి పంపాలి. అక్క తప్ప ఇంకెవరూ వద్దని నేనే పట్టుబట్టాను.

మేం చదివించే గది గది కాదు, కాస్త పెద్ద బీరువా. గోడలకు పాత బొంతలు వేలాడదీశాం, బయటి చప్పుడు రాకుండా. ఫ్యాను లేదు, కిటికీ లేదు. తలుపు మూస్తే గాలాడదు. ఆ గదిలో మా పద్ధతి ఒకటుంది. దగ్గు వస్తోందని తెలియగానే చదివేవాళ్లు చెయ్యెత్తాలి. నేను అక్కడ గుర్తు పెట్టుకుంటాను. వాళ్లు దగ్గి, మంచినీళ్లు తాగి, మనసులో మూడు లెక్కపెట్టి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చదవాలి. అక్క దగ్గిన ప్రతిసారీ నావైపు చూసి, "సారీరా, మళ్లీ చదువుతా" అనేది. ఆ సారీని కూడా కోసేసేవాణ్ని.

వానలు ముదిరాక అక్కకు జ్వరం వచ్చింది. ఇంటిదగ్గర మందుల షాపులో ఏవో బిళ్లలు కొనుక్కుని ఐదురోజులు వాడాల్సినవి రెండురోజులు వేసుకుని, తగ్గింది కదా అని మానేసింది. జ్వరం తగ్గిందిగాని దగ్గు పట్టుకుంది. మొదట్లో పేజీకి ఒకటి, తర్వాత పేరాకి ఒకటి. ఆవిడ చెయ్యెత్తడం, నేను ఆపడం, నీళ్లు, మూడు లెక్కపెట్టడం, మళ్లీ మొదలు. రోజుకు పదిహేను పేజీలు సాగాల్సింది నాలుగు దాటడం లేదు. నా తలప్రాణం తోకకొచ్చింది.

మా బావ సిటీ బస్సు డ్రైవరు. మనిషి దొరికితే చాలు, వేళాకోళం ఆడకుండా వదలడు. "ఏమోయ్ కత్తెరా, ఆఫీసులో దగ్గులు మాత్రమే కోస్తావా? ఇంటికొచ్చి ఇక్కడివి కూడా కోసిపెట్టు బాబూ, పొద్దున్నే స్టీరింగు మీద తూలుతున్నా" అన్నాడు ఒకరోజు వాళ్లింట్లో.

"నీ హారన్ కంటే మా అక్క దగ్గే నయం బావా" అన్నాను.

అక్క నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు నేను విన్నాను. ఇప్పుడు చెప్పేది అబద్ధం కాదు, బాగా విన్నాను. అంతకుముందు వరకు అది పొడిగా ఉండేది, కర్ర విరిగినట్టు ఠక్కున మొదలై ఠక్కున ఆగేది. అప్పటినుంచి దాని అడుగున ఏదో గుడగుడ. గ్లాసులో మజ్జిగ అయిపోయాక కూడా స్ట్రాతో పీలిస్తే వస్తుందే, ఆ చప్పుడు. ఇంకెవరికైనా తేడా తెలియకపోవచ్చు. నాకు తెలిసింది. తెలిసి నాకు తట్టిన ఆలోచన ఏమిటంటే, ఈ రకం దగ్గు కొయ్యడం కష్టం. దీని తోక తర్వాతి మాటకు అంటుకుంటుంది. అంతే. నా బుద్ధి గడ్డి తింది.

పదకొండు రోజులు చూసి, ఇక లాభం లేదని ఆఫీసు కిందనున్న మందుల షాపుకు దిగాను. దగ్గుమందు ఇమ్మన్నాను. షాపాయన కళ్లజోడు పైకి తోసుకుని అడిగాడు.

"పొడిదగ్గా, తడిదగ్గా?"

నేను అరల్లోని సీసాలవైపు చూశాను.

"పొడిదగ్గయితే ఈ సీసా. రెండు స్పూన్లకి దగ్గు నోరు మూసుకుంటుంది. కఫం ఉంటే మాత్రం ఇది వద్దు సార్, లోపలే ఉండిపోద్ది. అప్పుడు డాక్టరుకి చూపించుకోవాలి."

డాక్టరంటే సెలవు, పరీక్షలు, ఇంకో వారం. నాకు ఆ నోరు మూయించే సీసా కావాలి.

"పొడిదగ్గే" అన్నాను.

ఒక్క మాట. ఈ ఊళ్లో ఆ రెండు దగ్గులకీ తేడా నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. చదవడానికి కూర్చునే ముందు రెండు స్పూన్లు, మధ్యాహ్నం రెండు స్పూన్లు. అక్క చెయ్యెత్తడం తగ్గిపోయింది. పేజీలు చకచకా సాగాయి. బావ స్వీట్ల పెట్టె పట్టుకుని ఆఫీసుకే వచ్చాడు. "నీ చలవేనోయ్, దగ్గు తగ్గింది. ఇల్లు ఇల్లులా ఉంది" అన్నాడు. ఆఫీసులో అందరూ అదే మాట. దగ్గు తగ్గింది, దగ్గు తగ్గింది. సీసా అయిపోతే నేనే ఇంకోటి తెచ్చేవాణ్ని. ఐదు నెలల్లో ఎన్ని సీసాలు తెచ్చానో గుర్తు లేదు.

అక్క చిక్కిపోయింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. మెట్లెక్కి వచ్చి కాసేపు గోడ పట్టుకుని నిలబడేది. అడిగితే, "వయసురా నాయనా, నీకూ వస్తుంది" అని తీసిపారేసేది. ఉదయం వాష్‌బేసిన్ దగ్గర ఆకుపచ్చగా ఏదో పడుతోందని, కుళాయి తిప్పి కడిగేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

దగ్గు పోయినా ఊపిరి మిగిలింది. వాక్యం మధ్యలో ఆగి, బరువుగా పీల్చుకునేది. మైకులో అది ఈలలా వినిపించేది. దాన్నీ కోశాను. ఒక్క ఊపిరి వదలకుండా కోసి, మాటకు మాట అతికించాను. నా జన్మలో అంత శుభ్రమైన పని చెయ్యలేదు. చూపులేని పిల్లల బడినుంచి హెడ్మాస్టరుగారు ఫోను చేశారు. "మా అమ్మాయి ఒకతి అడుగుతోందండీ, ఈ మేడం అసలు ఊపిరి పీల్చుకోరా అని" అన్నారు.

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. పొంగిపోయి అక్కతో చెప్పాను, బావతో చెప్పాను, ముగ్గురం నవ్వుకున్నాం. ఆ పిల్లకు వినిపించింది నాకు వినిపించలేదు, చూశారా!

ఎండలు మొదలయ్యాయి. ఆఖరి పుస్తకంలో ఇక రెండు పాఠాలే మిగిలాయి. ఉదయం పదకొండవుతోంది. నదుల గురించి చదువుతోంది అక్క. చదువుతూ చదువుతూ చటుక్కున ఆగింది. చెయ్యెత్తలేదు. పద్ధతి తప్పిందని నాకు చిర్రెత్తి తలెత్తాను. పుస్తకం మీద ఎర్రగా చినుకులు. అక్క రుమాలు నోటికి అదుముకుని, ఆ పేజీ పాడైపోయిందే అన్నట్టు నావైపు చూస్తోంది.

ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. నోట్లోంచి సన్నటి గొట్టం దింపి లోపల చూశారు. మూడోరోజు ఊపిరితిత్తుల డాక్టరమ్మ అక్క మంచం పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. బావ యూనిఫాం మీదే వచ్చాడు, టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"ఊపిరిగొట్టాల లోపల పల్చటి పొర ఉంటుందండీ, వాటిని కాపాడేది అదే" అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. "ఆ పొర మీద కంటికి కనపడని నూగు ఉంటుంది. శైలికలు అంటారు. అవి..."

"అవి నిరంతరం లయబద్ధంగా కదులుతూ, శ్లేష్మంలో చిక్కుకున్న దుమ్మును, సూక్ష్మజీవులను గొంతువైపు నెట్టివేస్తాయి" అంది అక్క, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతోనే.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "సైన్సు టీచరా మీరు?"

"కాదమ్మా. ఈమధ్యే చదివా."

జీవశాస్త్రం, ఐదో పాఠం. ఆ వాక్యం నాకు బాగా గుర్తుంది. దుమ్మును అన్నచోట ఒక దగ్గు, గొంతువైపు అన్నచోట ఇంకో దగ్గు. మందు వేసుకోవడం ఆలస్యమైన రోజు అది. రెండూ కోసేశాను.

డాక్టరమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు అక్కకు కోరింతదగ్గు వచ్చింది, అప్పుడే కొంత దెబ్బ తగిలి ఉంటుందట. దానిమీద పరీక్షల్లో తేలిన ఈ మొండి క్రిమి చేరింది. అది వదిలే విషానికి మొట్టమొదట ఆ నూగు కదలడం మానేస్తుంది. కఫం పైకి రాదు. నిలవున్న కఫంలో క్రిమి జిగురు కప్పుకుని కాపురం పెడుతుంది, ఇక మందు దాన్ని సరిగ్గా అంటదు. దాన్ని చంపడానికి మన ఒంట్లోంచి వచ్చే కణాలు దాన్ని చంపలేక పక్కనున్న పొరను తినేస్తాయి. పొర ఊడి గోడ పుండవుతుంది. గోడ బలం పోయి గొట్టం సాగిపోతుంది. సాగినచోట ఇంకా కఫం నిలుస్తుంది.

"మళ్లీ మామూలవుతుంది కదమ్మా?" అన్నాడు బావ. ఆయన గొంతులో వేళాకోళం లేకపోవడం నేను మొదటిసారి విన్నాను.

"పొర కొంత మళ్లీ పుడుతుందండీ, క్రిమి పోతే. అది పోవడం లేదు. సాగిన గొట్టాలు మాత్రం మళ్లీ బిగుసుకోవు. రెండువైపులా పాకేసింది." ఆమె కాగితాలు సర్దుకుంటూ ఆగింది. "నూగు పడిపోయాక లోపల ఊడ్చడానికి ఇక మిగిలేది దగ్గు ఒక్కటే. అదెలా తగ్గిందో నాకర్థం కావట్లేదు. దగ్గు ఆపే మందేమైనా వాడారా?"

నేను ఒక్క అడుగు వెనక్కి వేశాను.

"వాడానమ్మా" అంది అక్క. "నేనే కొనుక్కున్నా. మా తమ్ముడు వద్దంటూనే ఉన్నాడు."

అక్క నావైపు చూడలేదు. సీసాలు తెచ్చింది నేనని తెలిసిన బావ చేతిలోని టోపీలోకి చూస్తున్నాడు. నేను నేలవైపు చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పడానికి నాకు అక్కడ ఒక్క అడుగు ముందుకు వేస్తే సరిపోయేది. వెయ్యలేదు.

కోసిన ముక్కల్ని నేనెప్పుడూ పూర్తిగా చెరపను. పొరపాటున మంచి మాట పోతే వెతుక్కోవచ్చని కంప్యూటర్లో ఒకచోట పోగేస్తాను. ఆ ఫోల్డరు పేరు చెత్త. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లి, బొంతల గది తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అక్క దగ్గులన్నీ తేదీల వరసన విన్నాను. నాలుగొందలకు పైగా ఉన్నాయి. ఠక్కుమనేవి కొన్నాళ్లు. తర్వాత నెల పదకొండో తారీఖున ఆ గుడగుడ మొదలు. షాపుకు వెళ్లింది ఇరవై రెండున. ప్రతి దగ్గు వెనకా "సారీరా, మళ్లీ చదువుతా." "సారీరా, మళ్లీ చదువుతా." నాలుగొందలసార్లు చెప్పించుకున్నాను ఆ మాట. వెక్కివెక్కి ఏడ్చాను. ఎవరికీ వినిపించలేదు, ఆ గది అందుకోసమే కట్టారు.

ఆ దగ్గుల్ని తీసుకెళ్లి డాక్టరమ్మకు ఒంటరిగా వినిపించాను. షాపులో అన్న మాట కూడా చెప్పాను. ఆమె ఏడెనిమిది విని చెవులకున్నది తీసేసింది.

"పదకొండో తారీఖునే తీసుకొచ్చుంటే?" అని అడిగాను.

"అప్పుడు ఎడమవైపు కిందిభాగంలో కొంచెమే ఉండేదేమో" అంది. వైరు చుట్టి నా చేతిలో పెట్టింది. "నాతో చెప్పి లాభమేముందండీ? ఆవిడతో చెప్పండి."

మొదటిసారి పదిహేను రోజులుంచి పంపించారు. నెల తిరక్కుండా మళ్లీ చేర్చాం. మూడోసారి పంపించేటప్పుడు డాక్టరమ్మ బావను పక్కకు పిలిచి, ఇక నెలల లెక్క వద్దండీ, వారాల లెక్కే అంది. బావ ఆ రోజునుంచి జోకులు మానేశాడు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆక్సిజన్ యంత్రం పక్కన కూర్చుని దాని మీటరు చూస్తుంటాడు, బస్సు నడుపుతున్నట్టే.

ఇప్పుడు అక్కకు ఉన్న వైద్యం ఒకటే. దగ్గించడం. ఉప్పునీటి ఆవిరి పట్టాక, నడుం కింద రెండు దిళ్లు పెట్టి, తల కిందికి ఉండేలా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అరచెయ్యి దోసిలిలా వంచి వీపు మీద తట్టాలి. తడితే లోపలి కఫం కదులుతుంది, కదిలితే దగ్గు వస్తుంది, దగ్గితే పడుతుంది. బావ ఉదయం డ్యూటీలో ఉంటాడు కాబట్టి ఆ పని నాది. రోజూ ఎనిమిదింటికి వెళ్తాను. డబ్ డబ్ డబ్ అని తడుతూ, "దగ్గక్కా, ఇంకొక్కసారి, గట్టిగా, దగ్గు తల్లీ" అని బతిమాలుతాను. నేను! పక్కన ఆక్సిజన్ యంత్రం రోజంతా గుయ్యిమంటుంది. ఫ్యాను చప్పుడుకే మండిపడ్డ చెవులివి. అది ఆగితే ఏమవుతుందోనని ఇప్పుడు ఆ గుయ్యిమనడం కోసమే చెవులు రిక్కించుకుని ఉంటాను.

మొదట్లో తడితే పడేది. రానురాను అక్కకు దగ్గే ఓపిక సన్నగిల్లింది. దగ్గడానికి గుండెల్లోకి గాలి తీసుకోవాలి, ఆ గాలి చాలడం లేదు.

నిన్న పొద్దున వీపు తడుతూ చెప్పేశాను. మొహం చూసి చెప్పలేక, ఆవిడ గోడవైపు తిరిగి ఉన్నప్పుడు చెప్పాను.

"అక్కా, మందుల షాపులో అడిగాడు, పొడిదగ్గా తడిదగ్గా అని. నాకు తెలుసు. తెలిసీ పొడిదని చెప్పా."

అక్క వీపు పైకీ కిందికీ కదులుతోంది, అంతే.

"నా దగ్గు నాకు వినపడదట్రా?" అంది చివరికి. రెండేసి మాటలకు ఒకసారి ఆగుతోంది. "సీసా మీద... రాసే ఉంది. కఫం ఉంటే... వాడొద్దని."

"మరెందుకు తాగావే?"

"నేను చెయ్యెత్తినప్పుడల్లా... నువ్వు మొహం చిట్లించేవాడివి. అద్దంలోంచి కనపడేది. అందరిముందూ అరుస్తావేమోనని... భయం వేసేదిరా."

నా చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడు బళ్లో నన్నెవడో కొడితే వాడి ఇంటికెళ్లి కాలరు పట్టుకున్న మనిషి. ఎవరికీ భయపడింది లేదు. నాకు భయపడింది. "అక్కా" అన్నాను.

"తట్టు" అంది.

తట్టాను. ఇవాళ పొద్దున కూడా తట్టాను. లోపల కఫం కదలడం అరచేతికి తెలుస్తోంది, చెవికి వినిపిస్తోంది. అదే గుడగుడ, ఇప్పుడు వీపంతా పరుచుకుని ఉంది. పావుగంట తట్టాక అక్క చెయ్యెత్తింది.

పాత అలవాటు. ఆవిడ ఎత్తగానే నేను ఆపేశాను, అదీ పాత అలవాటే. ఊపిరి బిగబట్టి, చిన్న గిన్నె పట్టుకుని ఎదురుచూశాను. ఒకటి. చెయ్యి వణుకుతోంది. రెండు. మెడ నరాలు పొంగాయి. మూడు.

"దగ్గక్కా" అన్నాను. "దగ్గు, నీ కాళ్లు పట్టుకుంటా, దగ్గు!"

చెయ్యి ఇంకాసేపు గాలిలో ఉండి, మెల్లగా దుప్పటి మీదికి దిగింది. దగ్గు రాలేదు. అక్క అతికష్టంమీద నావైపు తల తిప్పింది.

"సారీరా" అంది.